గళ్ళలో లేని బాకీ

జూన్ 2

రోజుకో మంచి విషయం రాసుకోమన్నారు ఈయన. అలా రాస్తే అప్పులు తీర్చే ఓపిక వస్తుందని ఆయన వినే ప్రసంగాల్లో ఎవరో చెప్పారట. పార్సిళ్ళు పంచుతూ రోజంతా చెవుల్లో అవే పెట్టుకుంటారు. ఆ చెవుల్లో ఎప్పుడూ ఎవరో ఒకరు గెలుస్తూనే ఉంటారు.

ఇవాళ్టి మంచి విషయం: ఏమీ లేదు.

జూన్ 3

వంటింటి గోడకి చార్టు అంటించారు. చిన్న అప్పు పైన, పెద్ద అప్పు కింద. చిన్నది ముందు తీరితే ఉత్సాహం వస్తుందట, ఆ ఉత్సాహంతో దాని కిందది తీర్చాలట. ఐదు వరసలు. కిరాణా కొట్టు, పళ్ళ అచ్చులకి ప్లాస్టర్ అమ్మే ఆయన, క్రెడిట్ కార్డు, ఫైనాన్స్ కంపెనీ, బ్యాంకు. కట్టినప్పుడల్లా ఒక గడికి ఆకుపచ్చ రంగు వెయ్యాలి. స్కెచ్ పెన్నుకి దారం కట్టి మేకుకి వేలాడదీశారు కూడా.

"మరి అక్కది?" అన్నాను.

"అక్క బయటి మనిషా? వడ్డీ అడుగుతుందా, ఇంటి మీదికొస్తుందా? ఆవిడది చివర్లో మొత్తం ఒకేసారి, పువ్వుల్లో పెట్టి ఇద్దాం."

సబబుగానే అనిపించింది. అక్కకి కుడి కంట్లో పొర. ఎడమ కన్ను చిన్నప్పుడు అమ్మవారు పోసినప్పుడే మసకబారింది, దానితో పెద్దగా పని లేదు. ఆపరేషన్‌కని దాచుకున్న డబ్బే మాకిచ్చింది. అయినా పొర ముదరాలంటారు కదా. ముదిరాకే తీస్తారు. తొందరేం లేదు.

జూన్ 9

ల్యాబ్‌లో పొద్దున్నుంచి ఒకే నోరు, కట్టుడు పళ్ళ సెట్టు. మైనపు గట్టు మీద ఒక్కో పన్నూ నిలబెట్టి, కింది పళ్ళతో కలిపి చూసి, వేడి కత్తితో మైనం సవరించి, మళ్ళీ చూసి. సాయంత్రానికి పై వరస నిలబడింది. ఇది డాక్టరు దగ్గరికి వెళ్తుంది. ఆయన మనిషి నోట్లో పెట్టి చూసి సరే అంటే, మైనం స్థానంలో గులాబీ రంగు చిగుళ్ళు పోసి గట్టి సెట్టు చేస్తాం.

ఇలాంటి ల్యాబ్ మాకూ ఉండేది. మూసేసి రెండేళ్ళు దాటింది. డాక్టర్లు సెట్లు ఈ చేత్తో తీసుకుని డబ్బులు వచ్చే జన్మలో ఇస్తామన్నట్టు ఉండేవారు. ఇప్పుడు వేరే వాళ్ళ బల్ల ముందు కూర్చుని అవే పళ్ళు పేరుస్తున్నాను. ఓనర్ మంచివాడే. మంచివాడని రాసుకోవడానికి కూడా బద్ధకంగా ఉంది.

మా ల్యాబ్‌లో అమ్మకుండా మిగిలింది పాలిష్ మోటారు ఒక్కటే. మంచం కింద దుప్పట్లో చుట్టి ఉంది. "మళ్ళీ మొదలుపెట్టినప్పుడు కావాలిగా" అంటారు ఈయన. ఊడ్చేటప్పుడల్లా చీపురు దానికి తగులుతుంది.

జూన్ 15

అక్క ఫోన్ చేసింది. చేతులకి మైనం అంటుకుని ఉండి తియ్యలేదు.

ఆదివారం పూట ఇంట్లో మైనమెక్కడిది. సరే, రాశాను కదా, ఉండనీ.

జూన్ 22

అక్క ఫోన్. స్నానంలో ఉన్నాను.

జూన్ 29

అక్క ఫోన్.

జూలై 5

కిరాణా కొట్టు బాకీ తీరిపోయింది. కొట్టాయన పుస్తకంలో మా పేరు మీద అడ్డంగా గీత కొట్టి, "ఇంకేం, ఇవాళ్టి నుంచి కొత్త ఖాతా" అన్నాడు. వద్దు బాబూ అని దణ్ణం పెట్టాను.

ఈయన వరసంతా ఆకుపచ్చగా నింపి, దూరంగా నిలబడి చూసి, ఐస్‌క్రీమ్ తెచ్చారు. "ఎలా ఉంది?" అని అడిగారు. చల్లగా ఉంది అన్నాను. ఆయన అడిగింది దాని గురించి కాదని తెలుసు. ఏమీ అనిపించలేదు. మత్తు సూది వేసిన చిగురులా ఉంది లోపలంతా. గిల్లితే గిల్లినట్టు తెలుస్తుంది, నొప్పి మాత్రం తెలియదు.

జూలై 13

అక్క ఫోన్ రాలేదు. మంచిదే.

ఇవాళ్టి మంచి విషయం అదే అనుకోవచ్చు.

జూలై 20

రాలేదు.

జూలై 27

ఇవాళా రాలేదు. నేను లెక్కపెట్టడం లేదు, ఆదివారం కాబట్టి గుర్తొస్తుందంతే.

ఎప్పుడూ రాయలేదు కాబట్టి రాస్తాను. ల్యాబ్ పెట్టేటప్పుడు మోటార్లు కొనడానికి బ్యాంకు ఇచ్చింది చాలలేదు. ఫైనాన్స్ వాళ్ళిచ్చిందీ చాలలేదు. అక్క దగ్గరికి వెళ్ళాను. అడగలేదు, చెప్పానంతే. అడక్కుండా అడగడం నాకు చిన్నప్పట్నుంచీ బాగా వచ్చు. అక్క లేచి లోపలికి వెళ్ళి దిండు గలీబు తెచ్చింది. అందులో డబ్బు. చొక్కాలు కుట్టే వర్క్‌షాప్ నుంచి తెచ్చుకుని కాజాలు కుడుతుంది అక్క, ఒక్కో కాజాకి వచ్చే పావలా బేడా కూడబెట్టిన డబ్బు. "లెక్కపెట్టుకో బుల్లీ" అంది. "నీ దగ్గర లెక్కేంటి" అన్నాను. పెద్ద ఉదారంగా మాట్లాడాను. ఆ డబ్బు నాది అయినట్టు.

"మరి కన్ను?" అన్నాను గుమ్మం దాటాక. దాటాకే అన్నాను.

"నీ ల్యాబ్ నిలబడితే అదే చూపు" అంది.

ల్యాబ్ మూసిన వారం ఫోన్ చేసి "ఏమైందే?" అంది. అంతే అడిగింది. డబ్బు మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే పోట్లాడేదాన్ని, పోట్లాడి ఉంటే మాటలుండేవి. డబ్బంతా చేతిలో ఉంటేనే వెళ్ళి అక్క మొహం చూడాలని ఆ రోజు అనుకున్నాను. అప్పుడది పౌరుషంలా అనిపించింది. ఇప్పుడు రాస్తుంటే ఏమిటో తెలియడం లేదు.

ఆగస్టు 8

ఒక పెద్దాయన సెట్టు వెనక్కొచ్చింది. రిటైరైన హెడ్మాస్టరట. వయసులో ఉన్నప్పటి ఫోటో పంపారు, గీత గీసినట్టున్న పళ్ళు. దాన్ని చూసే పేర్చాను.

ఓనర్ మైనపు సెట్టు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. కోపంగా లేడు.

"డాక్టరు గారు ఫోన్‌లో ఒకటే నవ్వమ్మా. ఆ పెద్దాయన అద్దంలో చూసుకుని, ఇవి నా పళ్ళు కావు, ఎవరో ఆడమనిషివి తెచ్చి పెట్టారు అన్నాట్ట."

చూశాను. ఎడమ పక్క రెండో పన్ను ముందు పన్ను మీదికి సగం ఎక్కి ఉంది.

"చెయ్యి జారి వంకర పోయింది కాదిది" అన్నాడు ఓనర్. "జారితే కింద మైనం లేస్తుంది. ఇది కొలిచి పెట్టినట్టుంది, చుట్టూ నున్నగా సవరించావు కూడా. ఎవరిదమ్మా ఈ పన్ను?"

"తెలీదండి" అన్నాను.

అక్కది. పెదవి విడితే ముందు బయటికొచ్చే పన్ను అది. చిన్నప్పుడు "నీ పన్ను నీకంటే ముందే నవ్వేస్తోందే" అని ఏడిపించేదాన్ని. పెట్టినప్పుడు అక్క గురించి అనుకోలేదు. ఏమీ అనుకోలేదు. ఈ మధ్య పనిలో ఏమీ అనుకోవడం లేదు, చేతులే చేసుకుపోతున్నాయి.

కత్తి వేడి చేసి పన్ను సరిచేశాను. అర నిమిషం పని.

ఆగస్టు 9

ఏమీ లేదు.

ఆగస్టు 10

అక్క ఫోన్ రాలేదు. నేనూ చెయ్యలేదు. రెండుసార్లు నంబరు దాకా వెళ్ళాను. మూడోసారి ఫోన్ బియ్యం డబ్బా మీద పెట్టి బట్టలు ఉతికాను.

ఆగస్టు 16

రేపు అక్క దగ్గరికి వెళ్తానన్నాను.

"ఉత్త చేతుల్తోనా?" అన్నారు ఈయన.

ఫైనాన్స్ వాళ్ళకి కట్టాల్సిన ఈ నెల డబ్బు తీసి కవర్లో పెట్టుకున్నాను. ఈయన చూశారు. చార్టు వైపు కూడా చూశారు. స్కెచ్ పెన్ను దారం వేలికి చుట్టుకుంటూ నిలబడ్డారు.

ఆగస్టు 17

తలుపు అక్కే తీసింది. పట్టపగలు, నాకూ తనకూ మధ్య గుమ్మమే అడ్డం. తల పక్కకి వంచి కోడిలా చూసింది.

"ఎవరూ?" అంది.

"నేనే."

"నేనంటే?"

లోపల్నుంచి పిన్ని, "అది బుల్లి గొంతు కాదటే" అంది. పిన్ని అక్క పక్క వీధిలోనే ఉంటుంది. అప్పుడు అక్క చెయ్యి చాచి నా భుజం తడిమి పట్టుకుంది. "లోపలికి రా, ఎండ" అంది. అంతే. ఎందుకు రాలేదు, ఫోన్ ఎందుకు తియ్యలేదు, ఏదీ లేదు. తిట్టినా బావుండేది.

కూర్చోబెట్టి టీ పెట్టింది. కప్పులో పోస్తూ అంచు మీద వేలు ఆనించి ఉంచింది, టీ ఎక్కడిదాకా వచ్చిందో తెలియడానికి.

పిన్ని నోరు ఊరుకోదు. "బాగున్నావుటే? మీ అక్క బాకీ ఏడాది తిరక్కుండానే తీర్చేశావటగా. ల్యాబ్ పోయినా మాట పోనివ్వలేదు, మంచిదానివి."

నా సంచిలో కవరు ఉంది. అక్క వైపు చూశాను. అక్క మెడ గోక్కుంటోంది.

"అవును, ఎప్పుడో ఇచ్చేసింది" అంది అక్క.

"ఇచ్చింది సరే, ఈ మహాతల్లి తీస్తేగా. కన్ను చూపించుకోవే అంటే వినదు. కాజాలు వంకర పోతున్నాయని వర్క్‌షాప్ వాళ్ళు సగం పని తగ్గించేశారు. అయినా దిండు కింది మూట కదలదు. ఎంగిలి చేత్తో కాకిని తోలదనుకో మీ అక్క."

అక్క నవ్వింది. నేనూ నవ్వాను.

వంటింట్లో కవరు అక్క చేతిలో పెట్టబోయాను. చెయ్యి వెనక్కి లాక్కుంది. "పిన్ని ఉంది. లోపల పెట్టు."

"ఎందుకలా చెప్పావు అందరికీ?"

"నీ పేరు పదిమంది నోళ్ళలో నానడం నాకిష్టం లేదు. పిసినారంటే నాకేం, ఒంటికి అంటుకుంటుందా?"

"మరి కన్ను?"

"ముదరాలిగా" అంది అక్క. "ముదిరాకే తీస్తారుగా. తొందరేముంది?"

ఇన్నాళ్ళూ నేను ఇంట్లో కూర్చుని అనుకున్న మాట, అక్షరం పొల్లు పోకుండా అక్క నోట్లోంచి వచ్చింది. నేనెప్పుడూ పైకి అనలేదు.

పిన్ని సాయంత్రం దాకా కదల్లేదు. కవరు సంచిలోనే వెనక్కొచ్చింది.

ఆగస్టు 18

ఆ డబ్బు ఫైనాన్స్ వాళ్ళకి కట్టేశాను. ఈయన గడికి రంగు వేశారు.

ఆగస్టు 24

పిన్ని అక్కని పిసినారి అన్నప్పుడు నేను నవ్వాను.

ఆగస్టు 27

ప్లాస్టర్ ఆయన బాకీ తీరింది. రెండు వరసలు ఆకుపచ్చ. "చూశావా, మనం చెయ్యగలం" అన్నారు ఈయన. ఆయన గొంతు కాదది, చెవుల్లో వాళ్ళ గొంతు.

నేను నవ్వాను. అంటే ఇవాళ కాదు. ఆ రోజు.

సెప్టెంబర్ 3

మధ్యాహ్నం భోజనం విరామంలో ల్యాబ్ వెనక మెట్ల మీద కూర్చుని పిన్నికి ఫోన్ చేశాను. అన్నం డబ్బా మూత తియ్యలేదు. తీస్తే తినేసి లేచిపోతానని భయం.

"పిన్నీ, అక్క డబ్బు నేనివ్వలేదు. ఒక్క రూపాయి కూడా ఇవ్వలేదు. అక్క అబద్ధం చెప్పింది."

అటువైపు ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడైంది.

"తెలుసులేవే" అంది పిన్ని.

"ఏం తెలుసు?"

"ఇవ్వలేదని తెలుసు. మీ అక్క అబద్ధమాడితే మెడ గోక్కుంటుంది. చిన్నప్పుడు బెల్లం దొంగతనం చేసిన దగ్గర్నుంచి అంతే. ఆ మెడ చూసి నమ్మేవాళ్ళెవరే? ఇక్కడ అందరికీ తెలుసు."

"మరి పిసినారి అని..."

"ఏమనమంటావు? నా చెల్లెలు ఇచ్చేసింది అని అది ఒకటే పట్టు. ఇచ్చిన డబ్బేదీ అని అడిగితే దాని గుట్టు బయటపడుతుంది. పిసినారిదానివి అంటే అదీ నవ్వుతుంది, మేమూ నవ్వుతాం, ఆ పూట గడిచిపోతుంది. పోనీ మేం తలా కొంచెం వేసుకుని ఆపరేషన్ చేయిద్దామంటే పుచ్చుకోదు. పుచ్చుకుంటే నువ్వివ్వలేదని ఒప్పుకున్నట్టేగా. మొన్న వైశాఖంలో డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. పొర ఎప్పుడో ముదిరిపోయిందన్నాడు. ఇంకా ఆగితే కంట్లో ఒత్తిడి పెరిగి ఉన్న చూపు కూడా పోతుందన్నాడు. ఉన్నది ఆ ఒక్క కన్నేగా."

"నాకెందుకు చెప్పలేదు పిన్నీ?"

"మీ అక్క ఫోన్ చేస్తే తీశావా, నేను చేస్తే తియ్యడానికి?"

నేను డబ్బా మూత నొక్కి పట్టుకున్నాను. పిన్నే మళ్ళీ, "అన్నం తిన్నావా?" అంది. తిన్నానన్నాను.

సెప్టెంబర్ 4

పాలిష్ మోటారు ఓనర్‌కి అమ్ముతానని ఈయనతో చెప్పాను. చెవుల్లోవి తీసి, మళ్ళీ చెప్పమన్నారు. మళ్ళీ చెప్పాను.

"అది అమ్మేస్తే ఇంక మొదలుపెట్టేది లేదు" అన్నారు.

"లేదు" అన్నాను.

"కార్డు ఇంకో రెండు గళ్ళే ఉంది. అది తీరిపోయాక చూద్దాం. ఊపు పోతుంది."

"ఊపు పోనివ్వండి. అక్క నన్ను చూసి ఎవరూ అని అడిగింది."

ఆయనకిది చెప్పలేదు ఇన్నాళ్ళూ. మంచం మీద కూర్చున్నారు. తర్వాత వంగి, మంచం కింద నుంచి మోటారు తనే లాగి, దుప్పటి విప్పి, తడిగుడ్డతో తుడిచారు. బెల్టు చేత్తో తిప్పి చూశారు. చక్కగా తిరిగింది. అది తిరుగుతుంటే ఇద్దరం దాన్నే చూశాం. బాధేసింది. బాధ అని తెలిసింది, అది రాసుకోవాలి.

సెప్టెంబర్ 6

ఓనర్ బేరమాడలేదు. రెండు నెలల జీతం కూడా ముందే ఇచ్చాడు. అంటే ఇంకో అప్పు. దానికి గడి గియ్యమని ఈయనతో అన్నాను. గియ్యలేదు, కానీ చాన్నాళ్ళకి నవ్వారు.

ఫైనాన్స్ అబ్బాయి ఫోన్ చేశాడు. ఈ నెల లేదన్నాను. ఎప్పుడిస్తారు మేడమ్ అన్నాడు. వచ్చే నెల అన్నాను. వడ్డీ పడుతుంది మేడమ్ అన్నాడు. పడనివ్వు నాయనా అన్నాను.

సెప్టెంబర్ 7

అక్కకి నేనే ఫోన్ చేశాను. ఆసుపత్రిలో రోజు తీసుకున్నానని చెప్పాను. "డబ్బో?" అంది. ఉందన్నాను. "ఎవరి దగ్గర తెచ్చావు?" అంది. నాదే అన్నాను. చీర అంచుతోనో దేనితోనో ఫోన్ మూసినట్టు వినిపించింది.

తర్వాత, "పొద్దున్నే వద్దు, నీళ్ళు పట్టుకోవాలి" అంది.

సెప్టెంబర్ 16

డబ్బు కట్టే కిటికీ దగ్గర అక్క, నేను. వెనక బెంచీ మీద పిన్ని, తన సంచీ, అక్క సంచీ, నా సంచీ ఒళ్ళో పెట్టుకుని.

నేను నోట్లు తీసి కిటికీలోకి పెడుతుంటే అక్క లోపలి గుమాస్తాతో, పిన్నికి వినపడేలా, "మా చెల్లెలు ఎప్పుడో ఇచ్చేసిందండీ. నేనే బద్ధకించాను" అంది. మెడ గోక్కుంటూనే ఉంది. గుమాస్తా ఆవిణ్ణి ఏమీ అడగలేదు పాపం. రసీదు మీద ఠపీమని ముద్ర కొట్టాడు.

"మహా పిసినారి" అంది పిన్ని వెనక నుంచి.

ఈసారి నేను నవ్వలేదు. పిన్ని నా వైపు చూసి, నవ్వు ఫరవాలేదన్నట్టు తల ఊపింది.

సెప్టెంబర్ 17

కట్టు విప్పారు. డాక్టరు వేళ్ళు చూపించి ఎన్ని అని అడిగాడు. చెప్పింది. గోడ మీద అక్షరాలు చదివించాడు. చదివింది. బయట నడవలో కుర్చీలో కూర్చోబెట్టి చుక్కల మందు వెయ్యడం నాకు నేర్పించి నర్సు వెళ్ళిపోయింది. అప్పుడు అక్క నన్ను చూసింది. తల పక్కకి వంచకుండా, తిన్నగా.

"ఇంత నెరిసిపోయావేంటే బుల్లీ" అంది.

"వయసు రాదా?"

"నాకంటే ముందా?" ఇంకా చూస్తూనే ఉంది. నేను తల తిప్పుకోబోతే గడ్డం పట్టుకుని తిప్పింది. "ఇంకా ఎంతుంది నాకివ్వాల్సింది?"

మొదటిసారి అడిగింది. చెప్పాను. ఆపరేషన్‌కి పోయింది పోగా సగం పైనే ఉంది.

"నెలనెలా తెచ్చియ్యి. ఎంతుంటే అంత. బ్యాంకులో వెయ్యకు. ఆదివారం పూట నువ్వే తీసుకుని రా."

"పిన్ని ఉంటే?"

"ఉంటే ఉంటుంది. పిన్నికి తెలుసుగా."

"తెలుసని నీకు తెలుసా?"

"ఏడాది నుంచీ. పిన్నికి నటన రాదు. పిసినారి అన్నప్పుడల్లా ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగేవి, అప్పటికింకా దగ్గరి మొహాలు కనబడేవి నాకు."

కాసేపు అర్థం కాలేదు. అక్క అబద్ధమని పిన్నికి తెలుసు. పిన్నికి తెలుసని అక్కకి తెలుసు. వీధిలో అందరికీ తెలుసు. అయినా ఇన్నాళ్ళూ ఒక్కరూ ఆ అబద్ధాన్ని కింద పడనివ్వలేదు. దాని కింద నిలబడింది నేనొక్కదాన్నే, నాకే తెలియదు.

అప్పుడు వచ్చింది ఏడుపు. చెప్పకుండా వచ్చింది. ముక్కూ మొహం ఏకమైపోయి, నడవలో వెళ్ళేవాళ్ళు తిరిగి చూసేలాగా.

అక్క చెయ్యి అడ్డం పెట్టింది. "నీళ్ళు తగలకూడదన్నారే ఈ కంటికి. నువ్వేడిస్తే నాకొస్తుంది. అవతలికి పోయి ఏడువు."

అవతలికి వెళ్ళి ఏడ్చాను.